చిట్టెమ్మ తిన్న ఇనుము

పందేనికి ఇంకా ఇరవై అయిదు రోజులు

బల్లకట్టుపాలెం తెడ్డు జట్టు తిండి లెక్క ఈ రోజు నుంచి నా చేతికొచ్చింది. నా పేరు మాణిక్యం. తెప్పల మీద తేలే ఈ పాలెంలో జనం తినే పళ్ళేలు తూచే ఉద్యోగం పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను. నా వెనకాల నన్ను త్రాసు మాణిక్యం అంటారని నాకు తెలుసు. నా మొహం మీదే అనొచ్చు, నాకేం నొప్పి లేదు. త్రాసు అబద్ధం చెప్పదు, మొహమాటపడదు, అన్నం తిన్నావా అని నవ్వుతూ అడిగి లోపల మరొకటి అనుకోదు.

సర్పంచి పేర్రాజు గారు నన్ను పిలిచి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఈసారి గెలవాలి. గెలిచిన పాలేనికి చింతల దిబ్బ మీద కాసిన చింతపండంతా ఏడాదిపాటు దక్కుతుంది. చింతపండు లేక మేం రెండేళ్ళుగా పుల్లపొడి చారు తాగుతున్నాం, దాన్ని చారు అనడం చారుకి అవమానం. రెండు, మా పడవ చిట్టెమ్మ వరసగా రెండు పందేలు ఓడింది. మూడోసారి ఓడినా, అసలు నీళ్ళలోకి దిగకపోయినా, పాలెం తీర్మానం ప్రకారం దాన్ని నరికి కూరమళ్ళకి ఎరువు చేస్తారు.

చిట్టెమ్మ అందరి పడవల్లాగే నర్సరీలో విత్తనం తెచ్చి నీళ్ళలో పెంచిన పడవ. తుంగ వేళ్ళ ఒళ్ళు, పుట్టగొడుగు పీచు చర్మం. ఎరువుకి శ్రేష్ఠం అంటారు. నాకు పడవల మీద ప్రేమా లేదు, పగా లేదు. నాకు చింతపండు కావాలి.

ఇరవై నాలుగు రోజులు

జట్టులో ఎనిమిది మంది. నాయకురాలు గంగాభవాని, వయసు ముప్ఫై ఆరు, భుజాలు తలుపు రెక్కలంత. అందరికంటే భారీ మనిషి సింహాద్రి, తొంభై నాలుగు కిలోలు. మిగతా ఆరుగురూ నోరు తినడానికే తెరుస్తారు కాబట్టి వాళ్ళ గురించి ప్రత్యేకంగా రాయనక్కర్లేదు.

తెల్లవారగానే పన్నెండు కిలోమీటర్లు తెడ్డు వేస్తారు. ఎండ తగ్గాక మళ్ళీ గంటన్నర, ఈసారి దెయ్యం తరిమినట్టు. రోజుకి అయిదు పూటలు తిండి. లేవగానే రాగి అంబలి, బాతు గుడ్లు. తెడ్డు దిగాక మునగాకు పప్పూ అన్నం. మధ్యాహ్నం తొట్టిలో పెంచిన కార్జం వేపుడు. సాయంత్రం నువ్వుండలు. రాత్రికి ఎండు రొయ్యల కూర, అన్నం.

ఇంత తిండి ఎందుకంటే, పందెం కమిటీకి పందెం కన్నా రక్తం ముఖ్యం. వెనకటికి పడవ తేలికగా ఉండాలని పాలేలవాళ్ళు ఆటగాళ్ళని మాడ్చి చంపేవారు. ఒక ఏడాది నడినీళ్ళలో ఏడుగురు సొమ్మసిల్లి పడ్డారు. ఆ తరవాత నియమం పెట్టారు. జట్టు రక్తంలో ఇనుము సగటున పన్నెండు కంటే తగ్గితే పడవ తాడు కూడా విప్పనివ్వరు. ఆటగాళ్ళ మణికట్టుకి ఒక బిళ్ళ కట్టి ఉంటుంది, నొక్కితే అంకె చెబుతుంది. ఈ రోజు మా సగటు పన్నెండు పాయింట్ తొమ్మిది. బాగుంది.

తినేటప్పుడు ఎనిమిది మందీ పడవ పక్కన తెప్ప అంచున వరసగా కూర్చుంటారు. మొదటి ముద్ద పడవ ముక్కు మీద పెడతారు. తాతల నాటి ఆచారం. చెక్క పడవల రోజుల్లో ఆ ముద్ద కాకులు తినేవట. ఆచారాలని తూచే త్రాసు నా దగ్గర లేదు కాబట్టి ఆ కాలమ్ ఖాళీగా వదిలేశాను.

ఇరవై రోజులు

సగటు పన్నెండు పాయింట్ నాలుగు. తగ్గింది.

దొంగ ఎవరో వెంటనే పట్టుకున్నాను. టీ. అన్నం తిని చెయ్యి ఆరకముందే ఎనిమిది మందీ గ్లాసుడు టీ తాగుతున్నారు. తిన్న ఇనుముని రక్తంలోకి పోకుండా టీ అడ్డుపడుతుంది. భోజనానికి ముందు గంట, తరవాత గంట టీ బంద్ అని చెప్పాను. పప్పులో నిమ్మకాయ పిండుకోమన్నాను, ఇనుము ఒంటికి పడుతుంది.

"పిన్నిగోరూ, టీ లేపోతే చెయ్యి లేవదండీ," అన్నాడు సింహాద్రి.

"నీ చెయ్యి పళ్ళెం దగ్గర బాగానే లేస్తోంది నాయనా," అన్నాను.

టీ డబ్బా నా మంచం కింద పెట్టి దాని మీద పడుకున్నాను. కార్జం కూడా పెంచాను, మనిషికి వంద గ్రాములకి బదులు నూట యాభై. తొట్టి చూసుకునే ఆవిడ కళ్ళెర్రజేసింది. కార్జం పెరగాలంటే దానికీ టైము కావాలి కదా అంది. పందెం మాత్రం ఎవరికోసం ఆగుతుంది?

పదిహేడు రోజులు

పన్నెండు. టీ లేదు, నిమ్మకాయ ఉంది, కార్జం ఒకటిన్నర రెట్లు ఉంది, అయినా అంకె జారుతూనే ఉంది. పైగా అందరూ బరువు తగ్గారు. సింహాద్రి నాలుగు కిలోలు తగ్గాడు. నేను పెట్టే తిండి ఒక చిన్న పెళ్ళికి సరిపోతుంది. పళ్ళేలు తుడిచి పెట్టినట్టు ఖాళీగా వస్తున్నాయి. మరి పోయేదెక్కడికి?

ఎవరో దాచి అమ్ముకుంటున్నారని అనుమానం వచ్చింది. వాళ్ళు నీళ్ళ మీదికి వెళ్ళినప్పుడు పడక తెప్ప అంతా వెతికాను. సింహాద్రి దిండు కింద ఒక పాత టీ సంచి దొరికింది. తాగడానికి కాదట, వాసన చూడటానికట. మనిషిని ఇంత బాధపెట్టానా అని ఒక్క క్షణం అనిపించింది. సంచి మాత్రం తీసేసుకున్నాను.

సాయంత్రం భవాని వచ్చి పక్కన కూలబడింది.

"ఏటో అక్కా, నీళ్ళు బరువెక్కిపోయాయి. ఎంత లాగినా కదలట్లేదు."

"నీళ్ళు బరువెక్కవు భవానీ. లీటరు నీళ్ళు ఎప్పుడూ కిలోయే."

"మీ త్రాసులో అంతేనేమో. నా తెడ్డుకి మాత్రం రెండు కిలోలున్నాది."

పద్నాలుగు రోజులు

పదకొండు పాయింట్ ఎనిమిది. గీత దాటి కిందికి వచ్చేశాం. ఈ రోజు సిగ్గు వదిలేసి, మధ్యాహ్నం భోజనాల వేళ నీళ్ళ పీపా వెనక నక్కి కూర్చున్నాను.

ఎనిమిది మందీ కూర్చున్నారు. ఎనిమిది మందీ మొదటి ముద్ద కలిపారు. ముద్ద అంటే నేను ఉసిరికాయంత అనుకున్నాను. కాదు. రెండు చేతులా పట్టాల్సినంత ఉంది. పైగా కార్జం ముక్కల్లో మెత్తటివి ఏరి ఏరి అందులో పెడుతున్నారు. తీసుకెళ్ళి చిట్టెమ్మ ముక్కు మీద పెట్టారు. ముక్కు మీద చర్మం మెల్లగా గుంట పడింది. ముద్ద అందులోకి దిగింది. చర్మం మూసుకుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి, ఎనిమిదీ అలాగే వెళ్ళిపోయాయి. చివర్లో పడవ మొత్తం ఒకసారి ఒణికింది. అది త్రేన్పు అని తరవాత అర్థమైంది.

పీపా వెనక నుంచి లేచి అరిచాను. ఏం అరిచానో చిట్టాలో రాయడానికి వీల్లేదు.

"ఆయ్, మొదటి ముద్దే కదక్కా!" అంది భవాని.

అంతే ముద్ద ఇంకొకటి కలిపించి తూచాను. నూట తొంభై గ్రాములు. ఎనిమిది మంది, అయిదు పూటలు, రోజుకి నలభై ముద్దలు, అంటే ఏడున్నర కిలోలు. ఈ లెక్క నా చేతికి రాకముందు నుంచీ, సాధన మొదలైనప్పటి నుంచీ ఇదే వరస.

"ఎందుకే ఇంతింత ముద్దలు?"

"మాతోపాటు అదీ లాగుతోంది కదక్కా. మేం అయిదు పూటలు తింటా దానికి చిటికెడు పెడితే ఏం బాగుంటాది? మంచి ముక్క మనం తిని చెత్తది దానికి పెడతామా?"

నర్సరీవాళ్ళు ఇచ్చిన కాగితం వెతికి తీశాను. ఎండా నీళ్ళూ చాలు, వేరే ఆహారం పెట్టరాదు అని మొదటి వాక్యమే ఉంది. చెక్క పడవ ముద్దని తినలేదు, కాబట్టి పెట్టొచ్చు. పెంచిన పడవ తింటుంది, కాబట్టి పెట్టకూడదు. ఈ మార్పు మా పాలెంలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేనే ఆ కాలమ్ ఖాళీగా వదిలేశాను.

నీటి గీత కొలిచాను. పడవ అయిదు వేళ్ళు కిందికి దిగింది. నూట పది కిలోలు పెరిగింది. వీళ్ళు ఇన్నాళ్ళూ ఇంకో సింహాద్రిని పడవలో పడుకోబెట్టి లాగుతున్నారన్నమాట. సింహాద్రికి ఈ మాట చెబితే, ఆ మనిషి తిండి కూడా తనకే రావాలి కదా అన్నాడు.

పదమూడు రోజులు

చిట్టెమ్మకి పత్యం మొదలు. ముద్దలు బంద్, ఎండా నీళ్ళూ మాత్రమే.

జట్టు అన్నం ముందు కూర్చుంది. ఎవరూ తినలేదు.

"అదలా చూత్తా ఉంటే గొంతు దిగట్లేదు పిన్నిగోరూ," అన్నాడు సింహాద్రి.

"పడవకి కళ్ళెక్కడివి రా?"

"కళ్ళు లేపోతే మాత్రం, చూత్తాదండీ."

తినేచోటికీ పడవకీ మధ్య దుప్పటి కట్టాను. పడవ మెల్లగా జరిగి దుప్పటి ఈ పక్కకి వచ్చింది. సరే అని, తాడు విప్పి లాక్కెళ్ళి పాలెం ఆ చివర బాతుల దొడ్డి దగ్గర కట్టించాను.

పన్నెండు రోజులు

పొద్దున లేచేసరికి చిట్టెమ్మ వంట తెప్ప పక్కనే ఉంది. తాడుతోపాటు బాతుల దొడ్డిని కూడా లాక్కొచ్చింది. పదిహేడు బాతులు నా అంబలి గిన్నె చుట్టూ నిలబడి ఉన్నాయి. బాతుల ఆసామి వచ్చి నన్ను నానా మాటలూ అన్నాడు. నిన్నెవడు కట్టమన్నాడమ్మా అన్నాడు. అతనిది న్యాయమే, నేనే కట్టమన్నాను.

తొమ్మిది రోజులు

దుప్పటి, కోప్పడటం, బుజ్జగించడం అన్నీ అయ్యాక జట్టు ఇప్పుడు తిండి తానే తింటోంది. సగటు పదకొండు పాయింట్ మూడు దగ్గర ఆగింది. ఆగింది గానీ ఎక్కదు. ఇనుము బియ్యం కాదు, పోయగానే డబ్బా నిండడానికి. తిన్నది రక్తం కావాలంటే నెలన్నర పడుతుంది. నాకున్నవి తొమ్మిది రోజులు. ఎన్నిసార్లు లెక్క వేసినా పన్నెండు రావడం లేదు.

ఈ మాట భవానికి చెప్పాను. దాచి ఏం లాభం?

తను పడవ పొట్టకి పట్టిన నాచు గీకడం మొదలుపెట్టింది. గీకుతూనే అంది, "దీని విత్తనం నేనే తెచ్చానక్కా. అరచేతిలో పట్టేది. నాలుగేళ్ళు నీళ్ళలో నిలబడి పెంచాను. తీర్మానం చేసిన్నాడే అనుకున్నాను, ఈ ఏడు దీని పని అయిపోద్దని. నరికేత్తారని తెలిసీ పత్యం పెట్టనా? ఉన్నన్నాళ్ళూ కడుపునిండా తిననీ అనుకున్నాను. అందుకే నా ముద్ద అందరికంటే పెద్దది. మీరు తూచలేదు గానీ, అది మూడొందలుంటాది."

నాకు పడవ మీద ప్రేమ లేదని మొదటి రోజే రాశాను. కానీ భవాని మొహం చూస్తే గుండె కలుక్కుమంది. ఆ మాట రాయకపోతే ఈ చిట్టా అబద్ధమవుతుంది.

ఈ రోజు లెక్కలో ఒక నువ్వుండ తేలడం లేదు. తీసింది నేనే, తిన్నది నేను కాదు.

ఒక్క రోజు

పందెం కమిటీ కొలతల అధికారి సదాశివం గారు వచ్చారు. సన్నగా, గీత గీసినట్టు ఉంటారు. నియమాల పుస్తకాన్ని చంటిపిల్లలా చంకలో పెట్టుకుని తిరుగుతారు. ఎనిమిది మణికట్లూ నొక్కారు, కూడారు, భాగించారు.

"పదకొండు పాయింట్ నాలుగండి. క్షమించాలి," అని పుస్తకం మూశారు.

భవాని లేచింది. వెళ్ళి చిట్టెమ్మ పక్కన కూర్చుంది. పేర్రాజు గారు గొడ్డళ్ళకి సాన పెట్టారా అని ఎవరినో అడగడం వినబడింది. ఆయన చెడ్డమనిషి కాదు, తీర్మానం అంటే తీర్మానమే అనుకునే రకం. నేనూ ఆ రకమే, అందుకే నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క నిమిషం సదాశివం గారూ. సభ్యుడంటే ఎవరని రాసుంది మీ పుస్తకంలో?"

ఆయన మొహం వెలిగింది. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. పేజీ చూడకుండానే అప్పజెప్పారు. "జట్టు వంటశాలలో రోజూ తింటూ, జట్టుతో కలిసి నీళ్ళ మీద శ్రమ పడే ప్రతి ఒక్కరూ సభ్యులే. వెనక కొందరు మాడిపోయిన ఆటగాళ్ళని వంటవాళ్ళని చెప్పి దాచేవారండి. అందుకు పెట్టిన నియమం."

"మరి తొమ్మిదో మనిషిని కొలవలేదేం?" అని నా చిట్టా ఆయన ముందు పరిచాను. ముద్దలు, గ్రాములు, పూటలు, కార్జం ముక్కలు, పెరిగిన బరువు, బాతులతో సహా అన్నీ ఉన్నాయి. "రోజూ మా వంటశాలలోనే తిన్నది. శ్రమ పడుతుందో లేదో రేపు మీరే చూస్తారు."

ఆయన చిట్టా మొత్తం చదివారు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివారు. "ఇది పడవ కదండీ," అన్నారు నీరసంగా.

"పడవలు సభ్యులు కావని రాసుందా?"

"లేదండీ. రాయాలని ఎవరికి తోస్తుంది?"

సూది తీసి చిట్టెమ్మ పొట్టలో గుచ్చారు. రసం ఒక చుక్క మీటరులో వేశారు. మీటరు కుయ్యోమంది. ముప్ఫై ఒకటి. సాధన మొదలైనప్పటి నుంచీ పెట్టిన కార్జమంతా అందులో ఉంది మరి. తొమ్మిదితో భాగిస్తే జట్టు సగటు పదమూడున్నర దాటింది.

ఇక ఆయన దగ్గరున్న సభ్యుల రిజిస్టర్ నింపాలి. పేరు చిట్టెమ్మ. ఇంటిపేరు అడిగితే భవాని తన ఇంటిపేరే ఇచ్చింది. వయసు నాలుగేళ్ళు.

"చిన్నపిల్లల్ని పందెంలో దించకూడదండీ," అన్నారు సదాశివం గారు.

"పడవల్లో నాలుగంటే నడివయసండీ బాబూ," అంది భవాని.

ఆయన సంతకం పెట్టారు.

పందెం రోజు

నాలుగు పడవలు. మాది లావుపాటిది. జనం నవ్వారు, నవ్వనివ్వండి.

తాడు విప్పగానే చిట్టెమ్మ దూకింది. అది తిన్నదంతా ఒట్టి కొవ్వు కాదు, వేళ్ళకి కండ పట్టింది. పదమూడు రోజుల పత్యం కసి కూడా తోడైంది. సగం దూరం అయ్యేసరికి మేం రెండు పడవల నిడివి ముందున్నాం. సర్పంచి గారు ఎగిరి గంతేసి పంచె సర్దుకున్నారు. నాకు నోట్లో చింతపండు నీళ్ళు ఊరాయి. నిజం చెబుతున్నాను, గెలిచామనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు మాతో పోటీపడే ఎగువలంక పాలెంవాళ్ళు, చూడవచ్చిన జనం కోసం, గట్టు తెప్ప మీద ఉల్లిపాయ పకోడీలు వేయడం మొదలుపెట్టారు.

చిట్టెమ్మ ముక్కు గాల్లోకి లేచింది. ఎడమకి తిరిగింది. ఎనిమిది తెడ్లు కుడికి లాగుతున్నాయి, పడవ ఎడమకి పోతోంది. "అటు కాదే, అటు కాదే అమ్మా!" అని భవాని అరుపు ఇక్కడిదాకా వినిపించింది. చిట్టెమ్మ నేరుగా వెళ్ళి పకోడీల తెప్పని గుద్దుకుని ఆగింది. బాణలి పక్కన ఆరబెట్టిన మొదటి వాయ మొత్తం తినేసింది. ఎగువలంక వంటమనిషి గరిటెతో దాని ముక్కు మీద కొట్టాడు. అది గరిటె కూడా తినేసింది.

నాలుగు పడవల్లో మేం నాలుగోవాళ్ళం.

మా జట్టు తిరిగొచ్చేసరికి గొడ్డళ్ళు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. భవాని పడవ దిగలేదు. ముక్కు చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. "నన్ను తీసి అప్పుడు కొట్టండి," అంది. సింహాద్రి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పేర్రాజు గారు ఎటో చూస్తూ తీర్మానం చదివారు, మూడు పందేలు ఓడిన పడవని ఎరువు చెయ్యాలి.

నిన్న నేను గెలుచుకున్నది ఒక అంకెనే అనుకున్నాను. ఇప్పుడు ఆ రిజిస్టర్ గుర్తొచ్చింది. సదాశివం గారి చంకలోంచి దాన్ని లాగేసి సర్పంచి గారి మొహం ముందు తెరిచి పట్టుకున్నాను.

"పడవ ఎక్కడుందండీ ఇందులో? చదవండి. తొమ్మిది మంది సభ్యులున్నారు. ఓడింది జట్టు. ఓడిన ఆటగాళ్ళని నరికే తీర్మానం మన పాలెంలో ఉంటే చూపించండి. ఉంటే చిట్టెమ్మ ఒక్కదాన్నే ఎందుకు, మిగతా ఎనిమిది మందినీ వరసలో నిలబెడతాను."

సింహాద్రి ముక్కు తుడుచుకుని నిజంగానే వచ్చి వరసలో నిలబడ్డాడు. వెనకాల ఆరుగురూ వచ్చి నిలబడ్డారు.

"అదేటమ్మా మాణిక్యం, అది పడవ కాదంటావా?" అన్నారు సర్పంచి గారు.

"నేనన్నదేం లేదండీ. ఈయన్నడగండి."

సదాశివం గారు గొంతు సవరించుకున్నారు. జీవితంలో మొదటిసారి పుస్తకంలో లేని మాట చెప్పారు. "సంతకం నాదేనండి. పకోడీల దగ్గర దారి తప్పడం ఆటగాళ్ళ లక్షణమే గాని పడవల లక్షణం కాదు."

పేర్రాజు గారు రిజిస్టర్ వైపు, వరస వైపు, నా వైపు చూశారు. గొడ్డళ్ళు దించమన్నారు. పోతూ పోతూ, ఏడాదంతా పుల్లపొడి చారు నువ్వే కాయాలి అన్నారు. కాస్తానన్నాను.

భవాని పడవ దిగి వచ్చి నన్ను కావలించుకుంది. తలుపు రెక్కల మధ్య ఇరుక్కున్నట్టయింది. నేను ఏడ్చాను. తిండి లెక్కల చిట్టాలో ఇలాంటివి రాయకూడదు, అయినా రాస్తున్నాను.

పందెం అయిన మర్నాడు

చిట్టెమ్మకి కొత్త పత్యం రాశాను. వచ్చే పందేనికి ఏడాది ఉంది, నూట పది కిలోలూ దిగాలి. పొద్దున ఎండ, మధ్యాహ్నం పల్చటి గంజి. వేపుళ్ళు లేవు, బతిమాలితే కరిగేది లేదు అని కింద గీత గీశాను.

మధ్యాహ్నం తొమ్మిది పళ్ళేలు పెట్టాను. ఎనిమిదింటిలో పకోడీలు వేసి తొమ్మిదోదాన్లో గంజి పోశాను. భవాని నావైపు చూసింది. చిట్టెమ్మ ముక్కు తెప్ప మీద ఆనించి అలా ఉండిపోయింది.

గంజిలో రెండు వేశాను.